మత్స్యకారులు: పన్నెండు కీల మాట

ఏడో తరగతి, బి సెక్షన్, మూడో బెంచీ. అబ్బాయి పేరు అప్పన్న అనుకుందాం. అసలు పేరు అది కాదు. సింహాచలం కొండ చుట్టూ ఏ వీధిలో నిలబడి పిలిచినా ఇద్దరు అప్పన్నలు పలుకుతారు కాబట్టి ఈ పేరు పెడితే ఎవరూ ఎవరినీ పోల్చుకోలేరు. ఏడో తరగతికి వచ్చినా వాడికి సరిగ్గా చదవడం రాదు. అది ఎలా తెలిసిందో, ఏం చేశామో ఇక్కడ రాస్తున్నాను.

విశాఖ పాత నగరం వైపు ఒక ఎయిడెడ్ బడిలో పనిచేస్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు రీడింగ్ పీరియడ్లు నావే, కంప్యూటర్ పీరియడ్లూ నావే. రెండూ ఒకరికే ఎందుకిచ్చారంటే లైబ్రరీ బీరువాలు, కంప్యూటర్లు ఒకే గదిలో ఉన్నాయి గనక. అంతకు మించిన విద్యా సిద్ధాంతం ఏమీ లేదు. కంప్యూటర్ టీచర్ అన్నందుకు బడిలో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ నా నెత్తినే పడుతుంది. యూడైస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో బడి వివరాలు ఎక్కించడం, అపార్ ఐడీలు అనే విద్యార్థుల గుర్తింపు నంబర్లు, ప్రోగ్రెస్ కార్డుల ప్రింట్లు, హెచ్ఎం గారి ఫోన్‌లో స్టోరేజీ నిండిపోతే ఖాళీ చేయడం, అన్నీ.

గదిలో 14 కంప్యూటర్లు. ఏ రోజు చూసినా తొమ్మిది నుంచి పదకొండు దాకా పనిచేస్తాయి. సముద్రం దగ్గర కదా, ఉప్పు గాలికి ర్యామ్ చివర్లు నల్లబడి ఉదయం స్విచ్ వేస్తే బీప్ బీప్ అంటాయి. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడితే లేస్తాయి. ఆ కూత వినగానే ఎవరో ఒకరు "టీచర్, రబ్బరు కావాలా" అంటారు. ఎక్కువసార్లు ఆ రబ్బరు అప్పన్నదే.

ఎలా బయటపడింది

రీడింగ్ పీరియడ్‌లో నలభై రెండు మంది పిల్లలు. ఒకరు చదివితే మిగతావాళ్ళు వెనక అందుకోవడం మాకు అలవాటు. ఆ కోరస్‌లో అందరికన్నా పెద్ద గొంతు అప్పన్నది. పాఠం రెండుసార్లు వింటే చాలు, పేజీ తిప్పే చోటుతో సహా అప్పజెప్పేవాడు. నోటుబుక్కు ముత్యాల్లాంటి దస్తూరి. అందులో ఎర్ర సిరాతో 'వెరీ గుడ్' అని మూడు చోట్ల ఉంది, ఒకటి నేను పెట్టినదే.

జులైలో ల్యాబ్‌లో ఒక పని ఇచ్చాను. చిన్న చీటీల మీద తెలుగులో అయిదు సూచనలు: తెర మీద కుడివైపు ఎర్రటి చతురస్రం గీయండి, దాని కింద మీ వీధి పేరు రాయండి, ఇలా. మౌస్ పట్టడంలో తరగతి మొత్తానికి అప్పన్నే దిట్ట. వాడు చతురస్రం గీయలేదు. మర పడవ గీశాడు, దాని మీద జెండా, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. బొమ్మ బాగుంది. నాకు మాత్రం కోపం వచ్చింది, పొగరనుకున్నాను. చీటీ చేతికిచ్చి చదవమన్నాను. దాన్ని కాసేపు చూసి, "కళ్ళు మండుతున్నాయి టీచర్" అన్నాడు.

నమ్మేశాను. కంటి పరీక్షకు పంపించాను. చూపు బ్రహ్మాండంగా ఉందని తేలింది. దానికి మూడు వారాలు పోయాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం ఒంటరిగా కూర్చోబెట్టి పిల్లలు ఏ మేరకు చదవగలరో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతిలో చూశాను. ఆ పద్ధతి తేలిక: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఏది దాకా వెళ్ళగలిగితే అది పిల్లవాడి మెట్టు. అక్షరాలు దాదాపు అన్నీ చెప్పాడు. 'పడవ', 'వల' సులువుగా. 'గాలి', 'తీరం' తడుముకుని. వత్తు ఉన్న మాట రాగానే ఆగిపోయాడు. ఆగాడంటే నోరు మూసుకోలేదు, అదే అసలు చిక్కు. మొదటి అక్షరం పట్టుకుని నోటికొచ్చిన మాట ధైర్యంగా అనేస్తాడు. 'ప్రశ్న'ను 'పని' అన్నాడు. 'చంద్రుడు'ను 'చందువ' అన్నాడు. చందువ అంటే చేప, వాళ్ళింట్లో రోజూ వినపడే మాట.

అరవై మాటల పేరాకు నాలుగు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. 19 చోట్ల కాగితంలో ఉన్నది ఒకటి, వాడు అన్నది ఒకటి.

ఆ 19నీ తప్పులుగా లెక్కపెట్టలేదు. నాలుగు చోట్ల వాడు 'చేప'ను 'సేప' అన్నాడు, 'చెప్పు'ను 'సెప్పు' అన్నాడు. అది చదవడంలో తప్పు కాదు. అక్షరం సరిగ్గా పట్టుకుని ఇంట్లో మాట్లాడే తీరులో పలికాడు. మా వైపు 'చ' చాలా ఇళ్ళలో 'స' అవుతుంది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది (1863) ఈ ఉత్తరాంధ్రలోనే, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టిన రోజని ఆగస్టు 29న స్టేజీ ఎక్కి తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, స్టేజీ దిగగానే పిల్లవాడు 'సేప' అంటే వెక్కిరిస్తాం. ఇది నా ఉక్రోషం, కేసుకు సంబంధం ఉన్నంతవరకే చెప్పాను. సంబంధం ఏమిటంటే, కింది తరగతుల్లో ఎవరో ఈ పలుకుబడిని తప్పు అని సరిదిద్దీ సరిదిద్దీ, చదవడమంటే తిట్లు తినడం అనే భయం వాడికి పట్టించారు.

మిగిలిన 15లో 11 వత్తుల దగ్గర, నాలుగు దీర్ఘాల దగ్గర.

మరి ఏడో తరగతి దాకా ఎలా వచ్చాడు? బోర్డు మీద ఉన్నదాన్ని బొమ్మలా దించుకుంటూ వచ్చాడు. ఆ దస్తూరి అందుకే అంత అందంగా ఉంది, రాస్తున్నది అక్షరం కాదు, ఆకారం. ప్రశ్నలూ జవాబులూ విని బట్టీ. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటాయి. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులో చూసుకుంటాడులే అని ఇంగ్లిష్ టీచరు, తెలుగు వచ్చే ఉంటుందిలే అని తెలుగు టీచరు. నేనూ అంతే, ల్యాబ్‌లో మౌస్ చురుకుదనం చూసి మురిసిపోయాను.

చెడగొట్టిన రెండు నెలలు

మొదట చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రెండో తరగతి బొమ్మల పుస్తకం ఇచ్చాను. పెద్ద అక్షరాలు, అట్ట మీద బాతు. మీసం మొలుస్తున్న పిల్లాడికి బాతు పుస్తకం, అదీ లైబ్రరీ పీరియడ్‌లో, అందరి ముందు. ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాత రెండు వారాలు లైబ్రరీ పీరియడ్ గంట కొట్టగానే మాయం. కుళాయి దగ్గర ఉన్నాడని ఒకడు, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళిపోయాడని ఒకడు.

వాళ్ళింటికి వెళ్ళాను. నాన్న మర బోటు మీద కలాసీ, అంటే పడవ పనివాడు, వేటకు వెళితే పది, పదిహేను రోజులు సముద్రం మీదే. అమ్మ తెల్లవారుజామున హార్బర్‌లో చేపలు కొని గంపలో పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. ఆమె నా మాట నమ్మలేదు.

"మా గుంటడికి సదవడం రాదంటారేటి టీచరమ్మా? ఫోన్లో అన్నీ ఆడే నొక్కీస్తాడు కదా!"

నిజమే. వాడు ఫోన్ తీసి నాకు చూపించాడు కూడా. మైక్ గుర్తు నొక్కి మాట అంటాడు, వీడియో వస్తుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. ఎక్కడా ఒక్క అక్షరం చదవక్కర్లేదు. ఆ ఇంట్లో వాడు కంప్యూటర్ తెలిసిన చదువుకున్న కుర్రాడు. నేను వెళ్ళి వాడి పరువు తీసి వచ్చాను.

బయటికి వచ్చాక వీధి చివర దాకా నాతో నడిచాడు. అప్పుడు ఒక మాట చెప్పాడు. బోటు వాళ్ళ గ్రూపులో తుఫాను హెచ్చరికలు వస్తాయట. కాగితం ఫోటో తీసి పెడతారు. ఫోటోలో ఉన్న అక్షరాలకు మైక్ పనిచేయదు. నాన్న సముద్రం మీద ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేతికిచ్చి "ఏటి రాశారురా" అని అడుగుతుంది. వాడు బయటికెళ్ళి పక్కింటి అన్న చేత చదివించుకుని వచ్చి తనే చదివినట్టు చెప్తాడు.

వాడికి చదువు ఎందుకు కావాలో నాకు తెలిసింది అక్కడ. బాతు పుస్తకం తిరిగి బీరువాలో పెట్టేశాను.

'కిందికి పడిపోనాది'

ఇక్కడ నేను వేసిన పథకం ఏమీ లేదని ముందే ఒప్పుకుంటాను. సెప్టెంబరులో ఎనిమిదో తరగతికి తెలుగు టైపింగ్ మొదలుపెట్టాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, విండోస్‌లో ముందే ఉంటుంది. అచ్చు గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతి కింద, హల్లులు చాలావరకు కుడి చేతి కింద. అక్షరాలు ప్రింట్ తీసి, కత్తిరించి, కీల మీద సెల్లోటేపుతో అంటించాను. అంటించడానికి అప్పన్నను పిలిచాను, చేతి పని కాబట్టి వచ్చాడు.

'డి' కీ మీద పొల్లు గుర్తు అంటిస్తూ ఇదేంటని అడిగాడు. నొక్కి చూడమన్నాను. 'క' నొక్కాడు, పొల్లు నొక్కాడు, 'క్' అయింది. తర్వాత 'ర' నొక్కాడు. పొల్లు మాయమైపోయి 'ర' వెళ్ళి కింద చేరింది.

"టీచర్, కిందికి పడిపోనాది!"

మళ్ళీ చేశాడు. 'ప', పొల్లు, 'ర'. 'త', పొల్లు, 'ర'. భోజనం గంట కొట్టినా లేవలేదు. పది నిమిషాల తర్వాత నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అంటే ఇది ర నా? కింద గీత ర నా?"

ఏడేళ్ళుగా వాడి కళ్ళ ముందు ఉన్న క్రావడి 'ర' అని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, పడి ఉండదు.

ఇంటికెళ్ళి ఆలోచిస్తే విషయం అర్థమైంది. అచ్చేసిన కాగితం మీద తెలుగు మాట ఒక వరుసలో ఉండదు. కన్ను ముందు అక్షరం చూస్తుంది, పైన గుడి చూస్తుంది, కింద వత్తు చూస్తుంది. నోటికి మాత్రం వేరే వరుస కావాలి: హల్లు, దాని వెంట వత్తు, ఆఖరున అచ్చు. 'స్త్రీ'లో పైనున్న గుడి దీర్ఘాన్ని కన్ను ముందే చూసేస్తుంది, పలికేది అన్నిటికన్నా చివర. చదవడం వచ్చిన మనకు ఈ తిరుగుడు తెలియదు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌లో అలా కాదు, అక్షరాలు పలికే వరుసలోనే ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు. కీబోర్డు మీద వేలు నోరు వెళ్ళే దారినే వెళ్ళాలి, తెర దాన్ని పేర్చి చూపిస్తుంది. వత్తు విడిపోవడం, కలవడం కళ్ళ ముందే జరుగుతుంది. నల్లబల్ల మీద నేను రాసేటప్పుడు జరిగేది కలవడం ఒక్కటే.

ఇంకొకటి కూడా గమనించాను. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే, 'ప'వత్తు చూస్తే 'ప' గుర్తొస్తుంది. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అసలు అక్షరానికి పోలిక లేకుండా ఉంటాయి. అప్పన్న తప్పులు తిరగేస్తే ఎక్కువ భాగం ఈ ఆరింటివే. తమాషా ఏమిటంటే అమ్మ, అన్న, అత్త, పిల్ల, ఇంట్లో మొదట నేర్చే మాటలన్నీ వీటితోనే ఉన్నాయి.

ఏం చేశాం

వారానికి నాలుగు రోజులు, మధ్యాహ్న భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు. పక్కన ఎవరూ ఉండరు. ఉన్నా కంప్యూటర్ బాగుచేస్తున్నాడని అనుకుంటారు, ఆ ముసుగు బాగా పనికొచ్చింది. నేను మాట అంటాను. వాడు దాన్ని నోటితో విడదీస్తూ ఒక్కో కీ నొక్కుతాడు. అయిదు మాటలయ్యాక కీబోర్డు మీద నోటుబుక్కు కప్పి తెర మీదివి తిరిగి చదువుతాడు. ఆఖరి మూడు నిమిషాలు అవే వత్తులున్న మాటలు పేపరు ముక్కలో వెతికి గుండ్రం చుట్టాలి. కాగితం మీదికి రాకపోతే ఇదంతా ల్యాబ్ విద్యే అవుతుంది.

మధ్యలో రెండు రోజులు నాకు ఇంకో బుద్ధి పుట్టింది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి సులువు కదా అని అది పెట్టాను. వెంటనే ఆపేశాను. నాలుగు అక్షరాలు కొట్టేసరికి కింద మాటలు వరసగా చూపిస్తుంది, వాడు మొదటిది నొక్కేస్తాడు. మళ్ళీ పాత ఊహాగానమే, ఈసారి కంప్యూటర్ సాయంతో.

మొదటి వారం ఇంటి మాటలు. తర్వాత వాడే తెచ్చిన కాగితాలు. అక్టోబరు, నవంబరు మా వాళ్ళకు భయం నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ పిల్లలు పసివాళ్ళు, అయినా ఇంట్లో వినీ వినీ దాన్ని చూసినట్టే చెప్తారు. అందుకని మా పాఠ్యపుస్తకం వాతావరణ వార్త అయింది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ప్రమాద హెచ్చరిక, వేటకు వెళ్ళరాదు. ఈ మాటలన్నీ చెవికి వాడికి నాకన్నా బాగా తెలుసు. అల్పపీడనానికీ వాయుగుండానికీ తేడా ఏమిటో నాకు చెప్పింది వాడే.

అన్నిటికన్నా మొండికేసిన మాట 'మత్స్యకారులు'. ప్రతి హెచ్చరికలోనూ ఉంటుంది, అదీ వాళ్ళ గురించే. వాళ్ళలో వాళ్ళు ఎవరూ ఆ మాట అనుకోరు. జాలర్లు అంటారు, వాడబలిజలు అంటారు. కాగితం మీదికి వచ్చేసరికి త, స, య మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. దీన్ని వ్యాకరణంలో సంశ్లేషాక్షరం అంటారు, ఆ పేరు పలకడం ఇంకా కష్టం. మ, త, పొల్లు, స, పొల్లు, య, క, దీర్ఘం, ర, కొమ్ము, ల, కొమ్ము: పన్నెండు కీలు. వారం పాటు 'స' మింగేసి 'మత్యకారులు' అని కొట్టాడు. అలా రాసే పెద్దవాళ్ళు నాకు చాలామంది తెలుసు కాబట్టి నేను గాబరా పడలేదు. ఎనిమిదో రోజు పన్నెండు కీలూ పడ్డాయి. వాడు తెర వైపు చూసి, వేలితో పై నుంచి కిందికి గీస్తూ, "త, స, య. మూడంతస్తుల మేడ టీచర్" అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మూడు హల్లులున్న ప్రతి అక్షరమూ మేడే.

లెక్కలు

డిసెంబరులో అదే స్థాయి కొత్త పేరా, అరవై మాటలు: రెండు నిమిషాల పది సెకన్లు, ఆరు తప్పులు. ఫిబ్రవరిలో ఒకటిన్నర నిమిషం, నాలుగు తప్పులు. ఆ నాలుగింటిలో వత్తు తప్పు ఒక్కటే, మూడు దీర్ఘాలు. అంటే దీర్ఘాల జబ్బు జులైలో ఉన్నట్టే ఉంది. గుడికీ గుడి దీర్ఘానికీ వేర్వేరు కీలున్నాయి కాబట్టి అదీ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. వాడు తన నోట్లో మాటను విని కీ నొక్కుతున్నాడు, ఆ నోట్లో దీర్ఘం ఉండే చోటు వేరు, పుస్తకంలో ఉండే చోటు వేరు. దీనికి కీబోర్డు మందు కాదు.

ఇదే పద్ధతి ఇంకో ఇద్దరి మీద ప్రయత్నించాను. ఆరో తరగతి అమ్మాయి ఒకామెకు అస్సలు పనిచేయలేదు. ఆమెకు విడి అక్షరాలే సరిగ్గా రావు, కీబోర్డు మీద అక్షరం వెతకడం ఆమెకు రెండో బరువు అయింది. మూడు వారాల తర్వాత ఆపి ఇసుక పలక, అక్షరాల అట్టల దగ్గరికి వెళ్ళిపోయాం. ఇంకొక అబ్బాయికి నిజంగానే చూపు తక్కువ. అప్పన్న చేతిలో ఒకసారి మోసపోయానని ఆ అబ్బాయిని కంటి పరీక్షకు పంపడం ఆలస్యం చేశాను. అది నా తప్పే.

అప్పన్నకు పనిచేసింది కీబోర్డేనా అని తోటి టీచర్లు అడుగుతారు. రోజూ ఇరవై నిమిషాలు ఒక పిల్లవాడి పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుంటే ఏ పద్ధతైనా కొంత పనిచేస్తుంది, దాన్ని దీని నుంచి విడదీయలేను. కానీ దీర్ఘాలు కదలకుండా వత్తులు మాత్రమే కదిలాయి. ఒట్టి శ్రద్ధ వల్లే అయితే రెండూ కదిలి ఉండాలని నా వాదన. సైన్స్ మాస్టారు ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, నాన్న ఇంట్లోనే. బడికి సెలవులు. కీబోర్డూ లేదు, పేపరు ముక్కలూ లేవు. బడి తెరిచాక చూస్తే అదే స్థాయి పేరాకు నిమిషం యాభై సెకన్లు, అయిదు తప్పులు. కొంత జారాడు. తరగతిలో అందరి ముందు లేచి ఒంటరిగా చదవమంటే ఇప్పటికీ చదవడు, కళ్ళు మండుతాయి. నేనూ అడగడం మానేశాను.

ఎనిమిదో తరగతికి వచ్చాక స, శ, ష మీద పని పెట్టుకున్నాం. అది వత్తులకన్నా మొండి రోగం, ఎందుకంటే వాడికి మూడూ ఒకేలా వినపడతాయి.

పోయిన శనివారం ల్యాబ్ మూసేముందు వాడి ఫోల్డర్‌లో కొత్త ఫైలు కనిపించింది, పేరు 'సేపల బాకీ'. తెరిచాను. వాళ్ళమ్మ అప్పుగా ఇచ్చిన చేపల లెక్క. మూడో మేడ అమ్మగారు, వంజరం, 240. మందుల షాపు, నెత్తళ్ళు, 80. గుడి వీధి మామ్మ, చందువ, 150, సగం ఇచ్చింది. ఇలా పద్నాలుగు వరుసలు. వత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. నా కన్ను మాత్రం పేరులోని 'సే' మీదికి పోయింది. వాడు కనిపెట్టేశాడు.

"పరీక్షలో చేప అనే రాస్తాను టీచర్. ఇది మాయమ్మకి సదివి ఇనిపించాలి."

ప్రింటర్‌లో ఇంకు అయిపోవచ్చింది, అక్షరాలు బూడిద రంగులో పడుతున్నాయి. రెండు కాపీలు తీశాను, ఒకటి కాస్త కనపడుతోంది. అది మడిచి జేబులో పెట్టుకున్నాడు.